రూమే 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ కూలర్ ఏం చేయగలదు? ఈ నెల మీ ప్రశ్నలు

ఎండలు ముదిరేసరికి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం ఒకటే గోల, ప్రాసెసర్ కాలిపోతోంది ఏ కూలర్ కొనమంటారు అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పెట్టి, ఈ నెల పేజీ మొత్తం డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద బిగించే ఎయిర్ కూలర్లకే ఇచ్చేశాను. కొంతమంది పేరు వేయొద్దన్నారు కాబట్టి అందరివీ ఊళ్ళు మాత్రమే రాస్తున్నా.

ప్రశ్న (డిగ్రీ స్టూడెంట్, ఖమ్మం): అన్నా, నాది ఐ5 12400ఎఫ్, బాక్సులో వచ్చిన కూలరే వాడుతున్నా. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తా. చలికాలంలో ఎక్స్‌పోర్ట్ పెడితే 75 దాకా వెళ్ళేది, ఇప్పుడు 93, 94 చూపిస్తోంది, ఫ్యాన్ హోరు భరించలేకపోతున్నా. మాది రేకుల ఇల్లు, మధ్యాహ్నం పూట రూమ్‌లో మనుషులే కూర్చోలేం. షాపాయన వాటర్ కూలింగ్ పెట్టించుకో తమ్ముడూ అంటున్నాడు, అప్పు చేసైనా పెట్టించమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, అప్పు అస్సలు చేయకు. ముందు నువ్వు రాసిన నంబర్లే ఒకసారి చూద్దాం. చలికాలంలో మీ రూమ్ 22 ఉందనుకో, అప్పుడు ప్రాసెసర్ 75 అంటే రూమ్ కంటే 53 డిగ్రీలు పైన ఉంది. ఇప్పుడు రేకుల కింద మధ్యాహ్నం ఈజీగా 40 ఉంటుంది, దానికి అదే 53 కలుపు, 93. అంటే నీ కంప్యూటర్ ఏం పాడవలేదు, కూలర్ అప్పుడు ఎంత పని చేసిందో ఇప్పుడూ అంతే చేస్తోంది, మారింది రూమ్ ఒక్కటే.

ఈ ఒక్క విషయం అర్థమైతే కూలర్ల గురించి సగం తెలిసినట్టే. ఎయిర్ కూలర్ ఏసీ కాదు, అది చల్లదనాన్ని తయారు చేయదు, ప్రాసెసర్‌లో పుట్టిన వేడిని తీసుకెళ్ళి రూమ్‌లో గాలికి అప్పజెప్తుంది అంతే. కాబట్టి ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా ప్రాసెసర్ ఎప్పటికీ రూమ్ కంటే చల్లగా ఉండదు, మంచి కూలర్ చేసేదల్లా రూమ్‌కి ప్రాసెసర్‌కి మధ్య ఉన్న ఆ తేడాని తగ్గించడమే. షాపాయన చెప్పిన వాటర్ కూలింగ్ కూడా చివరికి రేడియేటర్ ఫ్యాన్లతో అదే రూమ్ గాలికి వేడిని ఇచ్చేది, దానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. అందుకే యూట్యూబ్‌లో 21, 22 డిగ్రీల రూమ్‌లో కూర్చుని చేసిన టెస్ట్ చూసి 65 డిగ్రీలే వచ్చింది కదా అని కొనేసి, ఇక్కడ 84 వచ్చిందని కంపెనీని తిట్టుకోకూడదు. రివ్యూ చూసేటప్పుడు రూమ్ ఎంత ఉందో చూడు, ఆ తేడా తీసుకో, దానికి మన మే నెల కలుపుకో.

ఇక నీకేం కావాలంటే, 12400ఎఫ్ పెద్దగా కరెంటు తాగే ప్రాసెసర్ కాదు, ఇంటెల్ చెప్పే బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో (ఫుల్ స్పీడ్ అందుకున్నప్పుడు) మాక్సిమం 117 వాట్లు. దీనికి నాలుగు హీట్ పైపులు, ఒక 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ కూలర్ (రేకుల దొంతర ఒక్కటే నిటారుగా నిలబడి ఉండేది) చాలు. డీప్‌కూల్ ఏకే400 లాంటివి, కూలర్ మాస్టర్ హైపర్ 212 ఫ్యామిలీలోవి, ఈ రేంజ్‌లో ఏది దొరికినా పర్లేదు. ఆ 53 తేడా 35, 40 దగ్గరికి దిగుతుంది, అంటే మీ రేకుల రూమ్‌లో కూడా 80 లోపు ఉంటావ్, ఫ్యాన్ కూడా సగం సౌండ్‌తో తిరుగుతుంది.

పైపులు అన్నాను కదా, వాటి పని చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్ళు మరిగి ఆవిరి పైకెళ్ళి మూతకి తగిలి మళ్ళీ చుక్కలుగా కిందకి కారుతుంది చూడు, హీట్ పైప్‌లో అచ్చం అదే జరుగుతుంది. రాగి గొట్టంలో గాలి తీసేసి కొంచెం నీళ్ళు పోసి సీల్ చేస్తారు, లోపల ప్రెషర్ తక్కువ కాబట్టి ఆ నీళ్ళు వంద డిగ్రీల దాకా ఆగకుండా చాలా తక్కువ వేడికే ఆవిరైపోతాయి, ఆ ఆవిరి వేడిని మోసుకుని రేకుల దగ్గరికి (అల్యూమినియం ఫిన్స్) వెళ్ళి అక్కడ వేడి వదిలేసి నీళ్ళయి, గొట్టం లోపలి గోడకి ఉన్న సన్నటి రంధ్రాల పొర పట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. మోటార్ లేదు, కరెంటు లేదు, దశాబ్దాలు అలా తిరుగుతూనే ఉంటుంది. వాటర్ కూలింగ్‌లో ఉండే పంపు ఒకరోజు ఆగిపోతే ప్రాసెసర్ నిమిషాల్లో లిమిట్‌కి వెళ్ళిపోతుంది, దీంట్లో పోయేది ఫ్యాన్ ఒక్కటే, అది పోయినా వందల్లో కొత్తది వస్తుంది.

ఇంకోటి, బాక్స్ మీద 220 వాట్స్, 260 వాట్స్ టీడీపీ అని రాసుంటుంది (థర్మల్ డిజైన్ పవర్ అన్నమాట). అది ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీది, అందరూ ఒకే రూమ్‌లో ఒకే పద్ధతిలో కొలిచింది కాదు. ఒక కంపెనీ 220ని ఇంకో కంపెనీ 200తో పోల్చి కొనొద్దు.

కొత్తది కొనేముందు ఒక్క పని చేయి, డబ్బు ఖర్చు లేనిది. సైడ్ ప్యానెల్ తీసేసి అదే వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టు. టెంపరేచర్ ఒక్కసారిగా 8, 10 డిగ్రీలు పడిపోతే తప్పు కూలర్‌ది కాదు, క్యాబినెట్‌కి గాలాడట్లేదు. ముందు భాగం మొత్తం గ్లాసుతో మూసేసి వెనకాల మూడు రంగుల లైట్ల ఫ్యాన్లు పెట్టిన క్యాబినెట్లు మన మార్కెట్‌లో చాలా అమ్ముతున్నారు, చూడటానికి బాగుంటాయి గానీ ఆ ఫ్యాన్లకి లాక్కోడానికి గాలి ఉండదు. అలాంటి దాంట్లో ఏ కూలర్ పెట్టినా తన వేడి గాలి తనే పీల్చుకుంటుంది.

ప్రశ్న (కరీంనగర్): అన్నా మా ఇంట్ల పీసీ పక్కనే రూముల పెట్టుకునే పెద్ద నీళ్ళ కూలర్ పెట్టినం, సీదా క్యాబినెట్ మీదికే గాలి కొడ్తది. టెంపరేచర్ మంచిగ తగ్గింది గానీ మా బాపు పాడైతది తీసెయ్ అని రోజు తిడుతుండు. నిజంగ పాడైతదా?

జవాబు: బాపు చెప్పింది కరెక్టే తమ్ముడు, కానీ నువ్వు చేసిందాంట్ల కూడా సగం మంచి ఆలోచనే ఉంది. మీ కరీంనగర్ లాంటి పొడి ఎండ ఉన్న చోట నీళ్ళ కూలర్ రూమ్‌ని నిజంగానే చల్లబరుస్తుంది, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే, గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. రూమ్ 41 నుంచి 34కి దిగితే ప్రాసెసర్ కూడా ఆ 7 డిగ్రీలు దిగుతుంది, పైన ఖమ్మం తమ్ముడికి చెప్పిన లెక్కే. కాకినాడలోనో వైజాగ్‌లోనో ఇదే కూలర్ పెడితే ఉక్కపోత పెరగడం తప్ప పెద్దగా ఏం జరగదు, అక్కడ గాల్లో ముందే తేమ ఉంటుంది కాబట్టి.

తప్పల్లా గాలి నేరుగా క్యాబినెట్‌కి కొట్టడమే. ఆ గడ్డి ప్యాడ్ల నుంచి గాలితో పాటు కంటికి కనపడని నీటి తుంపర వస్తుంది, అందులో మన బోర్ నీళ్ళ ఉప్పు ఉంటుంది, అది మదర్‌బోర్డ్ మీద, గ్రాఫిక్స్ కార్డ్ కాళ్ళ దగ్గర ఎండి తెల్లగా పేరుకుంటుంది. దుమ్ముతో కలిస్తే అదొక తడి పేస్ట్ అయిపోతుంది, షార్ట్ అవ్వడానికి ఇంకేం కావాలి. కాబట్టి కూలర్‌ని కిటికీ దగ్గర పెట్టు, రెండో వైపు తలుపో కిటికీయో తెరిచి ఉంచు, గాలి మనిషి మీదకి రానీ, పీసీ మాత్రం దాని దారిలో లేకుండా పక్కకి జరుపు. బాపుకి కూడా ఇదే చెప్పు, తిట్టడు.

ప్రశ్న (సికింద్రాబాద్): సార్, సీటీసీలో (ఇక్కడి కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) తిరిగి తిరిగి థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ కొన్నాను, బిగించాక సైడ్ గ్లాస్ పట్టట్లేదు, దాదాపు అర సెంటీమీటర్ అడ్డొస్తోంది. వెనక్కి తీసుకోమంటే తీసుకోవట్లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇది కొనేముందు రెండు నిమిషాలు చూసుకుంటే తప్పేది సార్, అయినా పర్లేదు. ముందు ఫ్యాన్లు చూడండి. ఆ కూలర్ ఎత్తు 155 ఎంఎం, కానీ ర్యామ్ మీద లైట్ల టోపీలు ఉన్నవి అయితే ముందు ఫ్యాన్ కింద పట్టక, బిగించేవాళ్ళు దాన్ని కొంచెం పైకి జరిపి క్లిప్ వేస్తారు, అలా పైకి లేచిన ప్రతి మిల్లీమీటరూ మొత్తం ఎత్తుకి కలుస్తుంది. మీకు అడ్డొస్తున్నది కూలర్ టవరా లేక ముందు ఫ్యానా అని పక్కనుంచి చూడండి. ఫ్యాన్ అయితే దాన్ని తీసి మధ్య ఫ్యాన్ ఒక్కటే ఉంచి టెస్ట్ చేయండి, రెండు టవర్ల మధ్య ఫ్యానే ఎక్కువ పని చేసేది, ఒకటి తీసేస్తే టెంపరేచర్ పెరిగేది కొద్దిగానే.

టవరే తగులుతుంటే మాత్రం దారి లేదు, క్యాబినెట్ మార్చాలి లేదా కూలర్‌ని ఇంకెవరికైనా అమ్మేయాలి. గ్లాసుని బలవంతంగా నొక్కి స్క్రూలు వేయకండి, ఆ బరువంతా మదర్‌బోర్డ్ మీదకి పోతుంది.

కొనబోయే వాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటే, క్యాబినెట్ కంపెనీ సైట్‌లో సీపీయూ కూలర్ హైట్ ఎంత వరకు పడుతుందో రాసి ఉంటుంది. పేరు తెలియని లోకల్ క్యాబినెట్ అయితే సైడ్ తీసి, ప్రాసెసర్ పైభాగం నుంచి క్యాబినెట్ అంచు దాకా స్కేల్ పెట్టి కొలవండి, కొలతలో కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తాయి కాబట్టి ఓ అయిదు ఎంఎం వదిలేసి లెక్కేసుకోండి. డీప్‌కూల్ ఏకే400 155, ఏకే620 160, నాక్టువా ఎన్‌హెచ్ డీ15 అయితే 165 ఎంఎం. మరీ సన్నటి చిన్న క్యాబినెట్ అయితే 37 ఎంఎం ఎత్తుండే నాక్టువా ఎల్9, 47 ఎంఎం ఉండే థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90 ఎక్స్47 లాంటి పొట్టివి ఉన్నాయి, వాటి మీద మాత్రం 65 వాట్ల ప్రాసెసర్లకి మించి ఆశ పెట్టుకోకూడదు.

ప్రశ్న (ఇంజినీరింగ్ ఫైనలియర్ అమ్మాయి, భీమవరం): అన్నయ్యా, రైజెన్ 5 5600 వాడుతున్నాను, కొత్త టవర్ కూలర్ ఆన్‌లైన్‌లో వచ్చింది. ఇక్కడ షాపులో బిగించమంటే ఇక్కడ కొనలేదు కదా అని వెయ్యి అడుగుతున్నారు. నేనే బిగిద్దామంటే నాన్నగారు భయపడుతున్నారు, ముప్పై వేల వస్తువు పాడుచేస్తావని. నేను చేయగలనా? మొదటి నుంచి చెప్పండి.

జవాబు: తప్పకుండా చేయగలవమ్మా. నాన్నగారి భయం కూడా తీసిపారేసేది కాదు, ఈ పనిలో నిజంగా ప్రమాదమున్న క్షణం ఒక్కటే ఉంది, అది పాత కూలర్ తీసేటప్పుడు. దాని గురించి ముందు చెప్తా.

నీది ఏఎం4 సాకెట్ (మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే గూడు). ఇందులో 1331 పిన్నులూ ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, సాకెట్ వాటిని పక్కనుంచి మాత్రమే పట్టుకుంటుంది, పైనుంచి ఆపే ప్లేట్ ఏదీ లేదు. ప్రాసెసర్‌కి కూలర్‌కి మధ్య పూసిన పాత థర్మల్ పేస్ట్ ఎండి జిగురులా అతుక్కుని ఉంటే, కూలర్‌ని నిటారుగా లాగినప్పుడు లాక్ వేసి ఉన్నా కూడా ప్రాసెసర్ దాంతో పాటు ఊడి వచ్చేస్తుంది. నాకూ జరిగింది. తెల్లవారుజామున కంప్యూటర్ ఆన్ చేయకుండా చల్లగా ఉన్నదాన్నే పట్టి లాగాను, ప్రాసెసర్ కూలర్‌కి అంటుకుని చేతిలోకి వచ్చింది, ఒక మూల నాలుగు పిన్నులు వంగిపోయాయి. మూడు గంటలు కూర్చుని, లెడ్ తీసేసిన 0.5 పెన్సిల్ మొనని ఒక్కో పిన్నుకి తొడిగి నెమ్మదిగా నిలబెట్టాను, విరగలేదు కాబట్టి బతికింది. ఆ మూడు గంటలు నీకు వద్దు. అందుకని ముందు పది నిమిషాలు ఏదైనా గేమో, సినీబెంచో (ప్రాసెసర్‌కి ఫుల్ పని పెట్టే టెస్ట్ సాఫ్ట్‌వేర్) రన్ చేసి ప్రాసెసర్‌ని బాగా వేడెక్కనివ్వు, పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకేసి, చల్లారిపోకముందే ఫ్యాన్ వైర్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని కుడికి ఎడమకి కొంచెం కొంచెం తిప్పు, మూత బిగుసుకుపోయిన సీసా తిప్పినట్టు. అది దానంతటదే జారుతున్నట్టు తెలుస్తుంది, అప్పుడు పైకెత్తు.

(ఇంటెల్ వాళ్ళకి ఈ గండం లేదు, పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, పైన ఇనుప ప్లేట్ ప్రాసెసర్‌ని నొక్కి పట్టుకుంటుంది. కొత్త ఏఎం5 కూడా అంతే.)

పాత పేస్ట్‌ని టిష్యూతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెరిసేదాకా తుడువు. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు పొర మిగిలిపోతుంది.

నీ 5600తో వచ్చిన చిన్న కూలర్ నాలుగు స్క్రూలతో వెనకాల ప్లేట్‌కి బిగించి ఉంటుంది. ఆ నాలుగు విప్పగానే మదర్‌బోర్డ్ వెనక ప్లేట్ ఊడి కిందపడుతుంది, కంగారు పడకు, ఏం విరగలేదు. క్యాబినెట్‌ని పడుకోబెట్టి చేస్తూ, ఒక చేత్తో వెనక ప్లేట్ పట్టుకో, నాన్నగారిని పట్టుకోమంటే ఇంకా మంచిది, ఆయన భయం కూడా తగ్గుతుంది. ఆ ప్లేట్ పారేయకు, చాలా టవర్ కూలర్లు ఏఎండీకి అదే పాత ప్లేట్‌ని వాడుకుంటాయి. కొత్త బాక్సులో ఇంటెల్ సామాను, ఏఎండీ సామాను రెండూ ఉంటాయి, బొమ్మల మాన్యువల్ చూసి ఏఎండీవి మాత్రం ఒక గిన్నెలో వేరుగా పెట్టుకో, మిగతావి కవర్లోంచి తీయనే తీయకు.

బ్రాకెట్లు బిగించాక కొత్త కూలర్ అడుగుభాగం చూడు. పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, మీద చిన్న అక్షరాల్లో తీసేయమని రాసుంటుంది. దాన్ని పీకేయి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కూలర్ పెట్టినా 95 వస్తోంది అని ఎవరైనా రాస్తే నేను మొదట అడిగేది ఇదే, చాలాసార్లు కారణం కూడా ఇదే.

ఇక పేస్ట్. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకుంటారు, కాదు. ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు రెండూ చూడటానికి నున్నగా ఉన్నా సన్నటి గీతలు, గుంటలు ఉంటాయి, వాటిలో గాలి ఇరుక్కుంటుంది. రాగి కంటే గాలి వేడిని సుమారు 15,000 రెట్లు తక్కువగా పంపుతుంది, ఆ గాలిని తోసేసి ఆ గుంటలు నింపడమే పేస్ట్ పని. పేస్ట్ గాలి కంటే వంద రెట్లకి పైగా మేలే గానీ రాగితో పోలిస్తే అదీ చాలా వెనకే, అందుకే అది ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. మధ్యలో కందిగింజ కంటే కొంచెం పెద్ద చుక్క, నాలుగు మూలల దగ్గర ఆవగింజంత చుక్కలు, చాలు, వేలితో పూయకు, కూలర్ నొక్కుడికే పరుచుకుంటుంది. బాక్సులో వచ్చిన ట్యూబ్ సరిపోతుంది, విడిగా కొనాలంటే ఆర్కిటిక్ ఎంఎక్స్4 లాంటిది బాగుంటుంది, అది కరెంటుని పంపదు కాబట్టి పొరపాటున పక్కకి కారినా భయం లేదు.

కూలర్‌ని తిన్నగా పైనుంచి దించు, జరపొద్దు, జరిపితే మధ్యలో పేస్ట్ ఖాళీ అయిపోతుంది. రెండు స్క్రూలు ఉంటే ఒకటి రెండు తిప్పులు, ఇంకోటి రెండు తిప్పులు, మార్చి మార్చి. నాలుగుంటే ఎదురెదురు మూలలు. ఒక వైపు పూర్తిగా బిగించేసి రెండో వైపుకి వెళ్తే కూలర్ ఒరిగిపోతుంది, రెండోది అందదు. స్క్రూ ఒక దగ్గర ఆగిపోతుంది, అక్కడితో నువ్వూ ఆగిపో, ఇంకా బలం పెట్టొద్దు. మదర్‌బోర్డ్ పై మూలన ప్రాసెసర్‌కి ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే 8 పిన్నుల వైర్ ఉంటుంది చూడు, అది ఊడదీసి ఉంటే టవర్ ఎక్కించకముందే పెట్టేసుకో, తర్వాత చెయ్యి దూరదు.

ఫ్యాన్ ఏ వైపు తిప్పాలి అన్నది అందరికీ వచ్చే డౌటే. ఫ్యాన్‌కి ఒక వైపు రెక్కలు ఓపెన్‌గా కనపడతాయి, ఇంకో వైపు మోటార్‌ని పట్టుకున్న కడ్డీలు ఉంటాయి. గాలి ఓపెన్ వైపు నుంచి లోపలికి వెళ్ళి కడ్డీల వైపు నుంచి బయటికి వస్తుంది. కాబట్టి కడ్డీల వైపు టవర్‌కి ఆని ఉండాలి, గాలి క్యాబినెట్ ముందు నుంచి వెనక్కి పోవాలి. వైర్‌ని సీపీయూ ఫ్యాన్ అని రాసున్న 4 పిన్నుల చోటే పెట్టు, వేరే ఫ్యాన్ పిన్నులకి పెడితే చాలా బోర్డులు స్టార్ట్ అవ్వగానే ఫ్యాన్ లేదని ఎర్రర్ ఇస్తాయి.

ఆన్ చేసి ముందు బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) వెళ్ళి రెండు నిమిషాలు టెంపరేచర్ చూడు. 40ల్లో, 50ల్లో నిలబడితే హాయిగా విండోస్‌లోకి వెళ్ళు. నిమిషంలోనే 80 దాటి ఎక్కుతూ పోతుంటే వెంటనే ఆపేయి, అడుగున పొర ఉండిపోయింది లేదా కూలర్ సరిగ్గా ఆనలేదు. అంతా బాగుంటే సినీబెంచ్ పది నిమిషాలు పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (టెంపరేచర్లు చూపించే సాఫ్ట్‌వేర్) మాక్సిమం చూడు. 5600 స్టాక్ సెట్టింగ్స్‌లో 76 వాట్లకి మించి లాగదు, దాని లిమిట్ 90 డిగ్రీలు, మీ భీమవరం ఉక్కలో కూడా నీకు 75 లోపే రావాలి. ఆ నంబర్ నాన్నగారికి చూపించు. వెయ్యి రూపాయలు మిగిలాయి కదా.

ప్రశ్న (జర్మనీ నుంచి రాజమండ్రి తిరిగొచ్చినవారు): అక్కడ రైజెన్ 7 7700ఎక్స్ ఫుల్ లోడ్‌లో 80 దాటేది కాదు. అదే పీసీ, అదే కూలర్, ఇక్కడ 95 కొట్టి అక్కడే ఆగుతోంది. విమానంలో ఏమైనా కదిలిపోయిందా?

జవాబు: కూలర్ స్క్రూలు ఒకసారి చెక్ చేయండి, ప్రయాణంలో వదులవ్వడం జరుగుతుంది. అవి గట్టిగానే ఉంటే మాత్రం ఏం కదల్లేదండీ, అక్కడి 20 డిగ్రీల రూమ్ ఇక్కడ 37 అయింది, 80కి ఆ 17 కలిపితే 97 రావాలి, కానీ 95 దగ్గర ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుని ఆగుతోంది. 7000 సిరీస్ ఎక్స్ మోడల్స్‌ని 95 దగ్గర నడిచేలాగే డిజైన్ చేశామని ఏఎండీ చెప్పింది, కాలిపోదు. అయినా నాకు మనసొప్పదు, మీకూ ఒప్పకపోతే బయాస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెట్టండి. పేరుకి 65 అయినా నిజంగా లాగేది కాస్త ఎక్కువే ఉంటుంది, 142 వాట్లు లాగేది 88కి దిగుతుంది, గేముల్లో తేడా కనపడనంత తక్కువ, టెంపరేచర్ మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది, రూమ్ కూడా కాస్త తక్కువ వేడెక్కుతుంది. కొత్త కూలర్ కొనేముందు ఇది చేసి చూడండి.

ప్రశ్న (తిరుపతి): పాత ఇంటెల్ 8వ జనరేషన్ మీద వాడిన టవర్ కూలర్ ఉంది, 14వ జనరేషన్ బోర్డ్‌కి పనికొస్తుందా?

జవాబు: నేరుగా పట్టదు. పాత బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 ఎంఎం, 12వ జనరేషన్‌తో వచ్చి 14వ దాకా కొనసాగిన ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో అది 78 ఎంఎం అయింది, సాకెట్ ఎత్తు కూడా తగ్గింది. ఎలాగోలా వంచి పెట్టేస్తాం అంటారు, ఒప్పుకోకండి, సరిగ్గా ఆనదు. కూలర్ కంపెనీ ఎల్‌జీఏ 1700 కిట్ (బిగించే సామాను) ఇస్తుందేమో అడగండి, నాక్టువా లాంటి వాళ్ళు బిల్లు చూపిస్తే ఫ్రీగా పంపుతారు. ఒకసారి 1700 కిట్ దొరికితే తర్వాత వచ్చిన ఎల్‌జీఏ 1851కి కూడా అదే పడుతుంది.

ప్రశ్న (మణికొండ, హైదరాబాద్): రాత్రిపూట వర్క్ చేస్తాను, పక్కనే పాప పడుకుంటుంది. బ్రౌజర్ ఓపెన్ చేసినా చాలు ఫ్యాన్ ఒక్కసారి బుస్సుమని లేచి మళ్ళీ తగ్గుతుంది. కూలర్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ, సెట్టింగ్ మారిస్తే చాలు. ఏదైనా ఓపెన్ చేసినప్పుడు ప్రాసెసర్ ఒక్క క్షణం 10, 15 డిగ్రీలు ఎగిరి మళ్ళీ దిగుతుంది, అది మామూలే, కానీ ఫ్యాన్ ఆ క్షణానికే ఉలిక్కిపడుతోంది. బయాస్‌లో ఆసుస్‌లో అయితే క్యూ ఫ్యాన్ అని, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని ఉంటుంది, అందులో 65 డిగ్రీల దాకా ఫ్యాన్ స్పీడ్ చూపించే గీతని అడ్డంగా 40 శాతం దగ్గర పెట్టేయండి, అక్కడి నుంచి మెల్లగా ఎక్కించి 85 దగ్గర ఫుల్ చేయండి. స్పీడ్ పెరగడానికి ముందు ఆగే టైమ్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, మూడు నాలుగు సెకన్లు ఇవ్వండి. సోషల్ మీడియాలో కనపడే విదేశాల వాళ్ళ సెట్టింగ్స్ కాపీ చేయకండి, వాళ్ళు 45కే ఫ్యాన్ లేపేస్తారు, మన రూమే మేలో 38 ఉంటే ఖాళీగా ఉన్నప్పుడే 50 ఉంటుంది, ఇక ఆ ఫ్యాన్‌కి నిద్రుండదు, పాపకీ ఉండదు.

మీ ఏరియాలో కన్స్ట్రక్షన్ దుమ్ము ఎక్కువ కాబట్టి రెండు నెలలకోసారి టవర్ రేకుల మధ్య చూడండి, దుప్పటిలా పట్టేసుంటే ఎంత మంచి కూలరైనా ఫ్యాన్ గట్టిగా తిరగక తప్పదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, గాలికి అడ్డదిడ్డంగా తిరిగితే బేరింగ్ పోతుంది. పేస్ట్ మాత్రం ఊరికే మార్చకండి, మూడు నాలుగేళ్ళు దాని జోలికి వెళ్ళనక్కర్లేదు.

ప్రశ్న (హాస్టల్ స్టూడెంట్, వరంగల్): సెమిస్టర్ అయిపోయింది, పీసీని బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళాలి. కూలర్ పెద్దది, అలాగే తీసుకెళ్ళొచ్చా?

జవాబు: పెద్ద డ్యూయల్ టవర్ అయితే విప్పేసి తీసుకెళ్ళు తమ్ముడూ, నాక్టువా డీ15 అయితే ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు, అంత బరువు నిలబెట్టిన బోర్డుకి వేలాడుతూ రాత్రంతా గతుకుల్లో ఊగితే బోర్డ్ వంగొచ్చు, సాకెట్ దగ్గర పగుళ్ళు రావొచ్చు. విప్పినప్పుడు పేస్ట్ మళ్ళీ కొత్తది వేయాలి, పాతదాని మీదే పెట్టేయొద్దు, కాబట్టి చిన్న ట్యూబ్ ఒకటి బ్యాగ్‌లో వేసుకో. స్క్రూలు, స్ప్రింగులు ఒక కవర్లో పెట్టి ఆ కవర్‌ని కూలర్‌కే టేప్ వేయి, లేకపోతే ఇంటికెళ్ళాక ఒకటి తక్కువొస్తుంది.

అర కిలో ముప్పావు కిలో సింగిల్ టవర్ అయితే విప్పక్కర్లేదు, క్యాబినెట్‌ని గ్లాస్ పైకి ఉండేలా పడుకోబెట్టు, అప్పుడు కూలర్ బోర్డు మీద నిలబడి ఉంటుంది, వేలాడదు. బస్సు కింద డిక్కీలో వేయొద్దు, సీటు పక్కన కాళ్ళ దగ్గర పెట్టుకో. ఇంటికెళ్ళి ఆన్ చేసేముందు సైడ్ తీసి నాలుగు స్క్రూలు, ఫ్యాన్ వైరు ఒకసారి చేత్తో తడిమి చూడు.